ఆమ్‌స్టర్‌డామ్ కాలువల్లో గ్రూప్ డిన్నర్: సీటుకి టికెట్టా, బోటంతా మనదేనా?

మే నెల మొదట్లో మేం 18 మందిమి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, లిఫ్టులో, ఆఖరికి మారతహళ్ళిలో కూరగాయల బండి దగ్గర కూడా ఒకటే ప్రశ్న, "ఆ బోట్లో డిన్నర్ మనిషికి ఎంత పడిందండీ?" అని. మన బెంగళూర్లో కాలువ అంటే మురుగు పారే రాజకాలువే కదా, దాని పక్కన ముక్కు మూసుకుని నడిచే వాళ్ళం, కాలువ మీద కూర్చుని అన్నం తిన్న ఫొటోలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. విడివిడిగా చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నా.

రేట్లన్నీ మాకొచ్చిన కొటేషన్లలోవి, సీజన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. లెక్క సులువుగా ఉండాలని యూరో అంటే వంద రూపాయలు అనుకుందాం.

ముందు టికెట్ సంగతి. నలుగురితో పాటు మనమూ ఎక్కే డిన్నర్ క్రూజ్‌లో పెద్దవాళ్ళకి 95 యూరోలు, పిల్లలకి దాదాపు సగం. రెండున్నర గంటలు, నాలుగు కోర్సుల భోజనం, వైన్ బీరు ఎంత తాగితే అంత. మాది 13 మంది పెద్దవాళ్ళు, ఐదుగురు పిల్లలు, అంటే మొత్తం 1485 యూరోలు, సుమారు లక్షన్నర. ఇక బోటు మొత్తం మాట్లాడుకుంటే అద్దె గంటకి 300, కనీసం రెండు గంటలు తీసుకోవాలి, అంటే తిన్నా తినకపోయినా 600 పక్కన పెట్టేయాలి. వాళ్ళ కేటరింగే చెప్తే పెద్దవాళ్ళకి 45, పిల్లలకి 22, తాగిన దానికి విడిగా బిల్లు. అదీ కలిపి వేస్తే మాకు 1450 దగ్గరికొచ్చింది, టికెట్‌కీ దీనికీ పెద్ద తేడా ఏం లేదు. ఇంతవరకూ చూసి చాలామంది "అయితే టికెట్టే నయం కదా, గొడవుండదు" అంటారు. మా ఆయనా అదే అన్నాడు.

కానీ ఈ లెక్కలో అసలు చూడాల్సింది వేరే ఉంది. మీ గ్రూపులో తాగనివాళ్ళు ఎంతమంది, ఆ ఊరి వెజ్ తినలేనివాళ్ళు ఎంతమంది? నా దృష్టిలో మిగతావన్నీ దాని తర్వాతే.

ఇది నాకెలా తెలిసిందంటే, రెండేళ్ళ కింద డిసెంబర్లో మేం ఆరుగురం, అంటే మేమిద్దరం పిల్లలిద్దరు అత్తయ్య మామయ్య, టికెట్ కొనుక్కుని ఎక్కాం. బుకింగ్‌లో వెజిటేరియన్ అని టిక్కు పెట్టాం, గుడ్డు కూడా వద్దని మెయిల్ కూడా కొట్టాం, వాళ్ళూ నో ప్రాబ్లం అని జవాబిచ్చారు. తీరా చూస్తే మొదట మేక పాల చీజ్ ముక్క కింద బీట్‌రూట్, తర్వాత మష్రూమ్ రిసోట్టో. అత్తయ్య పుట్టి బుద్ధెరిగి పుట్టగొడుగు ముట్టలేదు, చీజ్ వాసన చూసి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వడ్డించే అమ్మాయి పాపం మూడుసార్లు వచ్చి ఏమైనా వేరేది కావాలా అని అడిగింది, ఆమె దగ్గర ఉన్న వేరేది బ్రెడ్డే. బ్రెడ్డూ వెన్నా, చివర్లో ఒక స్కూపు ఐస్‌క్రీమ్, అంతే ఆవిడ డిన్నర్. బయటికొచ్చాక మామయ్యగారు రేటు చెప్పేశారు, చెప్పకుండా ఉండాల్సింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరు బ్రెడ్ టోస్ట్ చేసినా "తొమ్మిదిన్నర వేల బ్రెడ్డు కాదు కదా" అంటుంది. పైగా మాలో వైన్ ముట్టింది మా ఆయన ఒక్కడే, రెండు గ్లాసులు. మిగతా ముగ్గురం పెద్దవాళ్ళం నీళ్ళు తాగి పక్క టేబుల్ వాళ్ళ వైన్‌కి డబ్బు కట్టినట్టయింది.

కాబట్టి ఈసారి మూడో దారి వెతికా. బోటు మాత్రమే అద్దెకి, భోజనం మనం పట్టుకెళ్ళేది. ఇద్దరు బోటువాళ్ళు బయటి తిండి కుదరదు అనేశారు. మూడోవాళ్ళు సరే అన్నారు, మనిషికి 5 యూరోలు శుభ్రం చేసే ఛార్జీ, మందు మాత్రం వాళ్ళ దగ్గరే కొనాలి, బోట్లో స్టవ్వు గానీ ఓవెన్ గానీ ఉండదు, చేపల వేపుళ్ళు లాంటివి తేకండి అని షరతులు. మాకు నచ్చినవే అన్నీ. ఇండియన్ రెస్టారెంట్లో పార్సిల్ చెప్పాం, జీరా రైస్, దాల్, పనీర్ కూర, చపాతీలు, ఇంకా సాదా అన్నం బాగా ఎక్కువ, ఎందుకంటే బెంగళూరు నుంచి పులియోగరె పొడి, అంటే పులిహోర కలిపే పొడి, ఉసిరికాయ పచ్చడి పట్టుకెళ్ళాం కదా. నెయ్యి, పాలకోవా మాత్రం పట్టుకెళ్ళకండి, బయటి దేశాల నుంచి పాల పదార్థాలూ మాంసమూ యూరప్‌లోకి తేనివ్వరు. పొడులకి ఇబ్బంది రాలేదు.

లెక్క చూడండి. బోటు 600, శుభ్రం ఛార్జీ 90, పార్సిల్ 300. మొత్తం 990, మనిషికి 55, అంటే ఐదున్నర వేలు. టికెట్ కొని ఉంటే పిల్లలూ పెద్దలూ కలిపి సగటున ఎనిమిది వేల పైన పడేది. దాదాపు యాభై వేలు మిగిలింది, బీర్లకి విడిగా కొంచెం పోయిందనుకోండి, అది తాగిన వాళ్ళే పంచుకున్నారు. అందుకే అత్తయ్య వాటా తగ్గింది, ఆవిడకది చెప్పగానే మొహం వెలిగిపోయింది.

అయితే ఇది ఎప్పుడు గిట్టుబాటు అవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే నలుగురెళ్ళి బోటు మాట్లాడుకుని నన్ను తిట్టుకుంటారు. ఆ 600 ఎంతమంది పంచుకుంటారన్నదే కిటుకు. మన తిండి మనం పట్టుకెళ్ళే పద్ధతిలో పార్సిలూ శుభ్రం ఛార్జీ కలిపి మనిషికి 22 దాకా అవుతుంది, కాబట్టి తొమ్మిది మంది పెద్దవాళ్ళు ఉంటేనే 95 కంటే తగ్గుతుంది. బోటు వాళ్ళ కేటరింగ్, డ్రింకులు కలిపి అరవై అనుకుంటే 17 మంది దాటాలి. పిల్లలు ఎక్కువుంటే ఇంకా కష్టం, టికెట్‌లో వాళ్ళకి సగమే కానీ బోటు అద్దెకి పిల్లలని తెలీదు కదా. మొన్న నాలుగో ఫ్లోర్ వాళ్ళు ఏడుగురు వెళ్తున్నాం అంటే నేనే టికెట్ కొనుక్కోమన్నా, వాళ్ళల్లో మష్రూమ్ తినే వాళ్ళు ఐదుగురు, ఇంక ఆలోచించేదేముంది.

టికెట్ వైపు న్యాయంగా చెప్పాల్సిన మాటొకటుంది. మేం మొదట 20 మందిమి. వీసా ఇద్దరికి టైముకి రాలేదు. టికెట్లయితే చాలావరకు ఒక రోజు ముందు వరకూ కాన్సిల్ చేసుకోవచ్చు, ఆ రెండు సీట్ల డబ్బులు వెనక్కొచ్చేవి. బోటు అద్దెలో ఒక్క రూపాయి తగ్గలేదు, వాళ్ళ వాటా మేం మోశాం. షెంగెన్ వీసా చేతికొచ్చేదాకా బోటుకి అడ్వాన్స్ కట్టకపోవడమే మంచిది.

ఇంకో చోట నేనే బోల్తా పడబోయాను. ఒక కొటేషన్ చాలా చవగ్గా వచ్చింది, చూస్తే కింద చిన్నక్షరాల్లో బీటీడబ్ల్యూ అదనం అని ఉంది, బీటీడబ్ల్యూ అంటే వాళ్ళ జీఎస్టీ. తిండి మీద 9 శాతం, మందు మీద 21. గ్రూపులకి కంపెనీలనుకుని టాక్స్ లేకుండా కొటేషన్ పంపడం అక్కడ మామూలేనట, కలిపి ఎంతో చెప్పమని అడగాలి. క్రెడిట్ కార్డుతో కడితే మన బ్యాంకు మూడున్నర శాతం దాకా మార్కప్ అని విదేశీ కరెన్సీ ఛార్జీ వేసి దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ లాగుతుంది, 60 వేలకి సుమారు రెండున్నర వేలు అదే పోయింది. ముందే యూరోలు వేసుకున్న ఫారెక్స్ కార్డు ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేత కట్టించి ఇక్కడ యూపీఐలో పంచుకోండి.

టైము. ఇది ఎవరూ చెప్పరు. మే మొదట్లో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిది దాటితే గానీ అస్తమించడు, జూన్‌లో అయితే పదింటిదాకా ఉంటాడు. మేం పిల్లలకి నిద్ర వేళ అని ఏడు నుంచి తొమ్మిదికి బోటు తీసుకున్నాం, పట్టపగల్లా ఎండలో అన్నం తిని దిగాం. వంతెనల మీద దీపాలు ఒక్కటీ వెలగలేదు. అదే డిసెంబర్లో నాలుగున్నరకే చీకటి, ఆ బ్రెడ్డు ట్రిప్పులో ఆరింటికే మాహెరే బ్రుహ్ అనే సన్నటి వంతెన నిండా బల్బులు, నీళ్ళలో వాటి నీడలు, తిండి ఎలా ఉన్నా కళ్ళు నిండిపోయాయి. లైట్ ఫెస్టివల్ కూడా ఆ రోజుల్లోనే. మన పిల్లల సెలవుల ప్రకారం చూస్తే దసరా బెస్ట్, అక్టోబర్ మొదట్లో ఏడుంపావుకల్లా పొద్దుగూకుతుంది, మరీ గడ్డకట్టే చలీ ఉండదు. బోటంతా మనదైతే టైము మన ఇష్టం, టికెట్‌కి వాళ్ళు పెట్టిన స్లాటే.

బోటు ఎంచుకునేటప్పుడు అడగాల్సింది ఒక్కటే, టాయిలెట్ ఉందా అని. పైన కప్పు లేని చిన్న బోట్లు చవక, చాలావాటిలో టాయిలెట్ ఉండదు. మాతో షుగర్ ఉన్న బాబాయిగారు వచ్చారు, అందుకే అద్దాల కప్పున్న పెద్ద బోటు తీసుకున్నాం. సాయంత్రం గాలి కూడా మే నెలలోనే ఒణికించేసింది, లోపల హీటర్ ఉంది కాబట్టి సరిపోయింది. కాలువల్లో బోటు గంటకి ఆరు కిలోమీటర్లకి మించి వెళ్ళకూడదు, మన బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ గుర్తొస్తుంది, కాకపోతే పప్పు ఒలకదు. రెఖులియర్స్‌హ్రాహ్ట్ అనే కాలువ దగ్గర స్కిప్పర్, అంటే బోటు నడిపే అబ్బాయి, నెమ్మది చేసి ఏడు వంతెనలు ఒకే వరసలో చూపించాడు, ఒక దాని కమాను లోంచి ఇంకోటి కనిపిస్తుంటుంది. తర్వాత వాటి కిందికే తిప్పాడు, రాయి నెత్తికి తగిలేంత దగ్గర. పిల్లలు చేతిలో చపాతీలతో వంగి కూర్చున్నారు.

ఇంక మా వాళ్ళ తప్పు. పార్సిల్ సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రేవుకి తెమ్మన్నాం, అక్కడ రేవులు ఒకటి కాదు, వరసగా చాలా ఉన్నాయి. ఆ కుర్రాడు సైకిల్ మీద వేరే చోటికి పోయి నిలబడ్డాడు. ఫోన్లు చేసుకుని వెతుక్కునేసరికి ఇరవై నిమిషాలు పోయాయి, బోటు గడియారం మాత్రం ఏడింటికే మొదలైపోయింది, ఆ ఇరవై నిమిషాలకీ అద్దె మనదే. వంద యూరోలు నిలబడి కట్టినట్టే. తిండి ముందే హోటల్‌కి తెప్పించుకుని మనమే మోసుకెళ్ళడం మేలు, చల్లారినా పులిహోరకి నష్టం లేదు.

పిజ్జా క్రూజ్, బర్గర్ క్రూజ్ అని 40, 45 యూరోలకి ఉంటాయి, పిల్లలకి బాగుంటాయి, పెద్దవాళ్ళకి అదో భోజనం కాదు. మనమే నడుపుకునే చిన్న బోట్లలో ఎక్కువమంది పట్టరు, పెద్ద గ్రూపుకి పనికిరావు. దుబాయ్ మెరీనాలో ధౌ అనే చెక్క పడవ క్రూజ్ ఎలా అని కూడా కొందరు అడిగారు, బఫేలో మన తిండి దొరుకుతుంది, రేటు ఇందులో సగం కూడా ఉండదు, కానీ దాన్నీ దీన్నీ పోల్చడం అనవసరం, ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్ళినవాళ్ళు దుబాయ్ బోటు ఎక్కలేరు కదా.

మా బోటు దిగేటప్పుడు ఒక డబ్బా పులిహోర మిగిలింది. స్కిప్పర్ అబ్బాయి వాసన చూసి ఏంటిది అని అడిగితే అత్తయ్య పేపర్ ప్లేట్ నిండా పెట్టిచ్చింది, రెండు ముద్దలకే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి అతనికి, అయినా ప్లేటు వదల్లేదు. ఆవిడ మెట్లెక్కుతూ నా చెవిలో, "వీళ్ళకి ఇన్నేళ్ళూ బ్రెడ్డే కదమ్మా, పాపం" అంది.