మెర్పాతి, సూసీ ఎయిర్: మారుమూల ఊళ్లకు ఏది మేలు?

ఇండోనేషియాలో దీవులు 17 వేల పైచిలుకు. దేశం తూర్పు కొసన ఉన్న పపువా కొండల్లో చాలా ఊళ్లకు నేటికీ రోడ్డు లేదు. బియ్యం, మందులు, కాన్పు కష్టమైన మనిషి, అన్నీ చిన్న విమానంలోనే కదలాలి. ఈ పని కోసం మెర్పాతి అనే ప్రభుత్వ కంపెనీ, సూసీ ఎయిర్ అనే ప్రైవేటు కంపెనీ వేర్వేరు దారులు పట్టాయి. నా మొగ్గు రెండోదాని వైపే, కానీ పూర్తిగా కాదు.

మెర్పాతి 1962లో వైమానిక దళం ఇచ్చిన ఆటర్, డకోటా విమానాలతో మొదలైంది. 1978లో దాన్ని ప్రభుత్వ విమాన సంస్థ గరుడ కిందికి చేర్చారు, 1997లో మళ్లీ విడదీశారు. దానికి ఇదీ నీ పని అని ఎవరూ తేల్చి చెప్పలేదు. ఒకవైపు ట్విన్ ఆటర్ అనే చిన్న విమానాలతో పపువా కొండల్లో దిగేది, ఇంకోవైపు బోయింగ్ 737లతో నగరాల మధ్య చవక టికెట్ల కంపెనీలతో పోటీ పడేది. విమానం రకం మారితే పైలట్ల శిక్షణ, మెకానిక్‌ల శిక్షణ, స్పేర్ పార్టులు అన్నీ విడివిడిగా కావాలి. చిన్న కంపెనీని అసలు నలిపేసేది ఈ ఖర్చే. అది చాలదన్నట్టు చైనా తయారీ ఎంఏ60 విమానాలు వచ్చాయి. 2011 మే 7న వాటిలో ఒకటి పశ్చిమ పపువాలోని కైమానా దగ్గర సముద్రంలో కూలి 25 మంది చనిపోయారు. ఆ కొనుగోలు మీద దేశంలో దుమారం రేగింది. అప్పులు పెరిగి 2014 ఫిబ్రవరిలో విమానాలు ఆగిపోయాయి. 2022లో సురబాయా కోర్టు మెర్పాతి దివాలా తీసినట్టు ప్రకటించింది. అప్పటిదాకా బకాయిల కోసం ఎదురుచూసిన ఉద్యోగులను తలుచుకుంటే బాధేస్తుంది.

సూసీ ఎయిర్ పుట్టుకే వేరు. జావా దీవిలోని పంగందరాన్‌లో చేపల వ్యాపారం చేసే సూసీ పుజియాస్తుతి, పట్టిన సరుకు తాజాగా జకార్తా చేరాలని 2004లో సెస్నా కారవాన్ అనే చిన్న విమానాలు రెండు కొన్నారు. ఆ డిసెంబరులోనే సునామీ వచ్చింది. ఆ విమానాలు సహాయ సామగ్రితో సుమత్రా దీవిలోని మ్యూలాబో వెళ్లాయి. తర్వాత సహాయ సంస్థలు వాటిని అద్దెకు తీసుకోవడంతో చేపల కోసం కొన్నవి ప్రయాణికుల కంపెనీగా మారాయి. ఆ కంపెనీ విమానాల్లో ఎక్కువ భాగం కారవాన్లే. ఒకే ఇంజిను, డజను సీట్లు, గులకరాళ్ల రన్‌వే మీదా దిగగలదు. మారుమూల రూట్లకు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది కాబట్టి సీట్లు నిండని రోజు కూడా విమానం లేస్తుంది.

అలాగని కష్టాలు లేవని కాదు. 2022లో బోర్నియో దీవిలోని మలినావ్‌లో హ్యాంగర్ (విమానాల షెడ్డు) అద్దె గడువు పొడిగించకుండా స్థానిక ప్రభుత్వం విమానాలను బయటికి లాగించింది. 2023 ఫిబ్రవరిలో పపువాలోని పారోలో దిగిన విమానం పైలట్‌ను వేర్పాటువాదులు బందీగా పట్టుకున్నారు. ఆ న్యూజిలాండ్ పౌరుడు 2024 సెప్టెంబరుదాకా విడుదల కాలేదు. అలాంటి చోటికి రోజూ వెళ్లి వచ్చే సిబ్బంది ధైర్యానికి ఏ సబ్సిడీ సరిపోతుంది?

కొండ ఊళ్లకైతే సూసీ పద్ధతే మేలు: ఒకే రకం విమానాలు, ఒకే రకం పని. కానీ యాభై మంది ప్రయాణికులుండే మధ్యతరహా ఊళ్ల మధ్య కారవాన్ చాలదు, మెర్పాతి వదిలిన ఆ చోటు నింపాలంటే ఏటీఆర్ లాంటి, యాభై డెబ్బై సీట్ల ప్రొపెల్లర్ విమానం కావాలి. అది కూడా ఆ రూట్లకే పరిమితమయ్యే వేరే కంపెనీ చేతిలో ఉండాలి, జెట్లు కూడా నడిపే కంపెనీకి అప్పగించకూడదు.