అక్క బిడ్డను విదేశంలోని చెల్లెలికి దత్తత ఇవ్వాలంటే: రిజిస్టర్ పత్రమా, డీసీ ఉత్తర్వా?

అక్క బెంగళూరులో, చెల్లెలు అమెరికాలో. అక్క బిడ్డను చెల్లెలికి ఇవ్వాలని మాట అనుకోగానే చాలామంది నేరుగా సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తారు. 1956 హిందూ దత్తత చట్టం కింద పత్రం రాసి రిజిస్టర్ చేయించుకోవడం తేలిక, దత్తహోమం కూడా తప్పనిసరి కాదు. రెండో దారి 2015 జువెనైల్ జస్టిస్ చట్టం, 60వ సెక్షన్: డీసీ (జిల్లా డిప్యూటీ కమిషనర్) ఉత్తర్వు, ఆపై కారా (దత్తతలు చూసే కేంద్ర సంస్థ) ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. ఇది నెలల పని. అయినా బిడ్డ విమానం ఎక్కాల్సి ఉంటే రెండోదే మేలు.

కారణం హేగ్ ఒప్పందం, అంటే దేశాల మధ్య జరిగే దత్తతలపై అంతర్జాతీయ ఒప్పందం. భారత్ 2003లో, అమెరికా 2008లో ఇందులోకి వచ్చాయి. దీని ప్రకారం దత్తతకు ముందే రెండు దేశాలూ ఒప్పుకోవాలి. అమెరికా పౌరులైతే ముందు ఐ-800ఏ (దత్తతకు తగినవాళ్లని తేల్చే అమెరికా దరఖాస్తు), తర్వాత ఐ-800 (ఫలానా బిడ్డ కోసం పెట్టే దరఖాస్తు)కు తాత్కాలిక ఆమోదం, ఆ తర్వాతే ఇక్కడ దత్తత. పత్రం ముందే రిజిస్టర్ చేస్తే ఈ వరుస తలకిందులవుతుంది. దత్తత ఇక్కడ చెల్లుతుంది, వీసా మాత్రం ఆగుతుంది. చెల్లిన దత్తతను రద్దు చేసుకునే వీలు కూడా 1956 చట్టంలో లేదు. పైగా దత్తత నిబంధనల 2021 సవరణ తర్వాత పత్రం ఉన్నవాళ్లకూ జిల్లా మేజిస్ట్రేట్ పరిశీలన, కారా ఎన్‌వోసీ తప్పవు కాబట్టి మిగిలిందనుకున్న సమయం మిగలదు. దంపతుల్లో ఒక్కరూ అమెరికా పౌరులు కాకపోతే ఐ-800ఏ దారే లేదు. ఈ సంగతి అన్నిటికన్నా ముందు తేల్చుకోవాలి.

పత్రం దారికి ఇంకా కట్టుబాట్లున్నాయి: ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ హిందువులు, బౌద్ధులు, జైనులు లేదా సిక్కులై ఉండాలి, బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు, కొడుకు ఉన్నవాళ్లు మళ్లీ కొడుకును తెచ్చుకోకూడదు. రెండు కుటుంబాలూ ఇక్కడే ఉండిపోతాయంటే మాత్రం ఇదే సులువు.

60వ సెక్షన్‌లో చిక్కు ‘బంధువు’ అన్న మాట దగ్గర వస్తుంది. చట్టంలో ఉన్నది తల్లిదండ్రుల తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మ, నానమ్మ మాత్రమే. మనం పెదనాన్న కూతుర్నీ అక్క అనే పిలుస్తాం, కానీ వరుసకు పిన్ని అయితే ఇక్కడ చాలదు.

పని ఇలా నడుస్తుంది. విదేశంలో గుర్తింపు ఉన్న ఏజెన్సీ ఇంటి పరిశీలన చేసి కారా వారి కేరింగ్స్ పోర్టల్‌లో నమోదు చేస్తుంది. ఇక్కడ బిడ్డ ఉంటున్న జిల్లా బాలల రక్షణ విభాగం కుటుంబ నివేదిక రాస్తుంది. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేట్‌కు, అంటే బెంగళూరు నగరంలో డీసీకి వెళ్తుంది. ఉత్తర్వుకు చట్టం పెట్టిన గడువు రెండు నెలలు.

ఆలస్యం ఎక్కువగా కాగితాల్లో పేర్ల వల్లే. చెల్లెలి పాస్‌పోర్టులో అత్తింటి పేరు, అక్క ఆధార్‌లో పుట్టింటి పేరు ఒక్క పొడి అక్షరంగా ఉంటే వాళ్లు తోబుట్టువులని కాగితం చెప్పదు. ఇద్దరి జనన లేదా స్కూలు సర్టిఫికెట్లు, పెళ్లి రిజిస్ట్రేషన్ ముందే దగ్గర పెట్టుకోండి. అవి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి తెలుగులో వచ్చి ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించండి.

అయిదేళ్లు నిండిన బిడ్డ సమ్మతి కూడా కావాలి. దరఖాస్తు నాడు కాదు, ఎంతో ముందే పిల్లలకు విషయం చెప్పండి. ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి కన్నతల్లి చట్టం లెక్కలో పెద్దమ్మ. ఏ దారిలో వెళ్లినా ఇది మారదు. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోవలసిన అసలు సంగతి ఇదే.