బెర్లిన్‌లో యూదుల స్మృతిచిహ్నాలు: మా మూడు రోజుల ప్రయాణం

నాజీల పాలనలో హతులైన అరవై లక్షల మంది యూదులను, ఆ హత్యాకాండకు ఆజ్ఞలు వెలువడిన నగరమే ఈనాడు ఎలా తలచుకుంటున్నదో చూడాలన్న కోరికతో నేనూ మా పెద్దమ్మాయీ నవంబరు 7 నుంచి 9 వరకు బెర్లిన్‌లో గడిపాము.

బస కోసం నగర మధ్యభాగాన్ని వదలి షోనెబెర్గ్‌లోని బవేరియన్ క్వార్టర్‌లో ఒక చిన్న గది తీసుకున్నాము. గది ఇరుకుగానే ఉన్నది, లిఫ్టు లేదు, కానీ మెట్రో స్టేషను నడక దూరంలోనే ఉన్నది. అంతకన్నా ముఖ్యంగా, ఒకప్పుడు యూదు కుటుంబాలు ఎక్కువగా నివసించిన ఆ పేట మొత్తం ఒక స్మారకమే. 1993లో అక్కడి వీధి దీపాల స్తంభాలకు 80 ఫలకాలు బిగించారు; ఒక్కొక్క దానికి ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు నాటి యూదు వ్యతిరేక ఉత్తర్వు ఉంటాయి. ఉదయం రొట్టెల కోసం వెళ్తూ, రొట్టె బొమ్మ ఉన్న ఫలకం దగ్గర ఆగి వెనక్కి తిరిగి చూస్తే, బెర్లిన్‌లో యూదులు సాయంత్రం 4 నుంచి 5 గంటల మధ్య మాత్రమే ఆహార పదార్థాలు కొనుక్కోవాలన్న 1940 జులై 4 నాటి ఆజ్ఞ కనిపించింది. చేతిలో ఉన్న సంచి బరువెక్కినట్లయింది.

బ్రాండెన్‌బర్గ్ గేటు సమీపంలోని ప్రధాన స్మారకానికి డబ్బు కట్టి ఒక గైడు వెంట వెళ్ళాము. అది మా పొరపాటు. 2005లో ప్రారంభమైన ఆ 2,711 కాంక్రీటు దిమ్మెల మధ్య అతను మాకు పది నిమిషాలే ఇచ్చి, తరువాతి చోటికి తొందరపెట్టాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాము. అంచుల్లో మోకాలి ఎత్తున కూడా లేని దిమ్మెలు లోపలికి పోయేకొద్దీ మనిషిని మించి పెరుగుతాయి, కాళ్ళ కింద నేల పల్లమవుతుంది, వీధి చప్పుడు తగ్గిపోతుంది. దిమ్మెల మీద ఒక్క పేరూ ఉండదు. పేర్లన్నీ నేలకింది సమాచార కేంద్రంలో ఉన్నాయి. అక్కడి చీకటి గదిలో ఒక్కొక్కరి పేరూ, క్లుప్తంగా వారి జీవితమూ చదివి వినిపిస్తారు. మృతులందరివీ అలా చదవాలంటే ఆరేళ్ళకు పైగా పడుతుందట. ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు, భద్రతా తనిఖీ వద్ద వరుస తప్పదు. దిమ్మెలెక్కి ఫొటోలు తీసుకునేవారిని చూసి మనసు చివుక్కుమన్నది; తోటి భారతీయులకు నా మనవి, దయచేసి ఆ పని చేయకండి.

అయితే ఒక్కటే చూసే సమయముంటే నేను గ్రూనెవాల్డ్ స్టేషనులోని 17వ ప్లాట్‌ఫారానికే వెళ్ళమంటాను. ఎస్7 లోకల్ రైలు నేరుగా అక్కడికి తీసుకుపోతుంది. 1941 అక్టోబరు 18న బెర్లిన్ యూదులను తరలించిన మొదటి రైలు ఈ స్టేషను నుంచే బయలుదేరింది. పట్టాల వెంట, ప్లాట్‌ఫారం అంచున 186 ఉక్కు పలకలు పరిచారు. ప్రతి పలక మీదా తేదీ, మనుషుల సంఖ్య, గమ్యం మాత్రమే ఉంటాయి. కొన్నింటిపై సంఖ్య వెయ్యి దాటుతుంది. ఆఖరి నెలల్లో, తరలించడానికి మనుషులే మిగలని కాలంలో, పదుల్లోకి పడిపోతుంది. గమ్యాల్లో నాజీల మరణ శిబిరమైన ఆష్విట్జ్ మళ్ళీ మళ్ళీ వస్తుంది. పట్టాల మధ్య పెరిగిన చెట్లను, ఇక ఇక్కడినుంచి ఏ రైలూ కదలదని తెలిపేందుకు, కావాలనే ఉంచేశారు. పలకల మీద సందర్శకులు పెట్టిపోయిన చిన్న రాళ్ళున్నాయి; పూలకు బదులు రాయి పెట్టడం యూదుల ఆచారం. మా అమ్మాయి కూడా ఒకటి ఏరి పెట్టింది.

అదే రైల్లో వాన్‌జే వెళ్ళి, 114వ నంబరు బస్సెక్కితే సరస్సు ఒడ్డున అందమైన భవనం వస్తుంది. 1942 జనవరి 20న పదిహేనుమంది అధికారులు అక్కడ కూర్చుని, యూరప్ యూదుల నిర్మూలనను ఏ శాఖ ఎలా నడిపించాలో గంటన్నరలో చర్చించారు. ప్రదర్శన చక్కగా ఉంది, ప్రవేశం ఉచితం. నగరం బయట ఉన్న సాక్సెన్‌హౌసెన్ నాజీ నిర్బంధ శిబిరాన్ని సగం పూటలో చూడలేము కనుక మానుకున్నాము. అక్కడికి వెళ్ళాలంటే నగర శివార్లకు కూడా చెల్లే ఏబీసీ జోన్ల రైలు టికెట్ కావాలని గుర్తుంచుకోండి.

ఆఖరి సాయంత్రం నవంబరు 9. 1938లో ఆ రాత్రే జర్మనీ అంతటా యూదుల ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి. మా బస ఎదుటి కాలిబాటలో అరచేతి వెడల్పున ఇత్తడి రేకు తొడిగిన నాలుగు స్మారక రాళ్ళున్నాయి. అక్కడ నివసించినవారి పేరు, పుట్టిన ఏడు, తీసుకుపోయిన తేదీ, చంపిన చోటు వాటిపై చెక్కి ఉన్నాయి. ఒక పెద్దావిడ మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో వాటిని తోముతున్నారు. మేము సంచులు పక్కన పెట్టి, ఆమె అందించిన కొవ్వొత్తులు వెలిగించాము.