అర్థాల ఆటకు శబ్దరత్నాకరం: మూడు రాత్రులు ఆడాక రాస్తున్నా

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్లి శబ్దరత్నాకరం కొనుక్కొచ్చా. కూర్చుని చదువుకుందామని కాదు, సంక్రాంతికి గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మమ్మ వాళ్లింట్లో అందరం చేరినప్పుడు దాంతో ఆడదామని. నిఘంటువుతో ఆటేంటమ్మా అని స్టాల్లో ఉన్న పెద్దాయన కూడా అడిగారు, చెప్తే ఆసక్తిగా విన్నారు. పండగ మూడు రాత్రులూ ఆడాం, ఉగాదికి మళ్లీ ఆడాం. తొమ్మిది పదిమంది చేరే తెలుగింట్లో, ఎనభై ఏళ్ల మనిషీ పద్నాలుగేళ్ల పిల్లా ఒకే చాప మీద కూర్చుని ఆడుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకైతే ఇంతవరకు దొరకలేదు. లోపాలు ఉన్నాయి, అవీ చెప్తా.

ఆట తెలియని వాళ్లకోసం ముందు అదేంటో చెప్పాలి. ఒకరు నిఘంటువు పట్టుకుని ఎవరికీ తెలియదనిపించే మాట ఒకటి వెతికి, మాట మాత్రమే పైకి చదువుతారు. మిగిలినవాళ్లు తలా ఒక చీటీ మీద దానికి నిజమనిపించేలా ఒక అర్థం కల్పించి రాయాలి. అసలు అర్థాన్ని చదివేవాళ్లు అలాంటి చీటీ మీదే రాసి అందులో కలిపేస్తారు. అన్నీ కలిపి, నవ్వకుండా, ఒకే గొంతుతో చదవాలి, ఎవరికి ఏది నిజమనిపిస్తే దానికి ఓటు. అసలు అర్థం పట్టుకుంటే రెండు పాయింట్లు, మీ అబద్ధానికి పడిన ఒక్కో ఓటుకు ఒక పాయింటు, ఎవరూ పట్టుకోలేకపోతే చదివినవాళ్లకు మూడు అని మేం లెక్క పెట్టుకున్నాం. ఇంగ్లిష్‌లో ఇదే ఆటను 1984లో కెనడాలో బాల్డర్‌డాష్ అని పేరు పెట్టి డబ్బాలో అమ్మడం మొదలుపెట్టారు, అంతకుముందు కూడా జనం ఇళ్లలో డిక్షనరీ, కాగితం, పెన్సిలు పెట్టుకుని ఆడుకున్నదే. అంటే డబ్బా లేకపోయినా ఆట ఆగదు, కావాల్సింది మంచి నిఘంటువు ఒక్కటే.

ఇది నాకు ఒక డబ్బా కొన్నాకే అర్థమైంది. అంతకుముందు ఏడాది ఆన్‌లైన్‌లో ఇలాంటి ఇంగ్లిష్ ఆట ఒకటి తెప్పించాం, పేరెందుకులెండి, దాని తప్పేం లేదు. కార్డులు బాగున్నాయి, పిల్లలు ఒక గంట ఆడారు. కానీ అమ్మమ్మ పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుచుకుంటూ ఉండిపోయింది, చిన్న మామయ్య ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఆడినవాళ్లకు కూడా, అసలు అర్థం తెలిశాక ఓహో అని కార్డు పక్కన పెట్టేయడం తప్ప ఇంకేం అనిపించలేదు. ఆ మాట మాలో ఎవరి నోట్లోనూ ఎప్పుడూ లేదు మరి.

ఇక పుస్తకం సంగతి. బహుజనపల్లి సీతారామాచార్యులు గారు చేసిన నిఘంటువు ఇది, మొదట 1885లో మద్రాసులో వచ్చింది. కావ్యాల్లో వాడిన మాటలు ఎక్కువ. అర్థం పొట్టిగా, ఒకటి రెండు మాటల్లో తేల్చేస్తుంది, ఆటకు అదే ప్రాణం. పెద్ద వ్యాఖ్యానంలా ఉంటే చదవగానే అసలుది ఏదో దొరికిపోతుంది.

నేను కొన్నది పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చువేసిన ప్రతి. అక్షరాలు చిన్నవి, కొన్ని పేజీల్లో సిరా పలచబడి అరసున్న ఉందో లేదో తెలియదు, ట్యూబులైట్ కింద అయితే కళ్లద్దాలు ఉన్నవాళ్లు కూడా పుస్తకం ముక్కు దగ్గర పెట్టుకోవాల్సిందే. బైండింగ్ అయితే మరీ అన్యాయం. రెండో రాత్రికే వెన్ను దగ్గర జిగురు వదిలేసి "మ" మొదలయ్యే చోట పుస్తకం రెండుగా తెరుచుకుంది. పది చేతులు మారే పుస్తకానికి కుట్టు లేకుండా ఒట్టి జిగురు పెడితే ఎలా ఉంటుంది? కొనేముందు వెన్ను తిప్పి చూడండి, దారం కనిపిస్తేనే తీసుకోండి. ఇంకొకటి, పిల్లలకు మాట వెతకడం కష్టం. మనం ఇప్పుడు మామూలు ర రాసే చాలా మాటలు అందులో బండి ర (ఱ) కింద ఉంటాయి. మా అక్క కొడుక్కి ఆ అక్షరం పేరే తెలియదు. మొదటి రోజు పావుగంట దాని గురించే మాట్లాడాం, అది వృథా అనిపించలేదు నాకు.

మాట ఎంచుకోవడం దగ్గర మేం నేర్చుకున్నది ఒకటి చెప్తా. మొదట్లో నేను పెద్ద పెద్ద సంస్కృత సమాసాలు వెతికా, కష్టంగా ఉంటాయి కదా అని. అవి తేలిపోయాయి. మా అక్క కొడుకు ఇంటర్లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నాడు, వాడు మాటను రెండు ముక్కలు చేసి అర్థం చెప్పేస్తున్నాడు. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో చదివిన పిల్లల్లో చాలామందికి తెలుగు పదో తరగతితోనే ఆగిపోయింది, అందుకే వాళ్లను నిజంగా ఆపేవి చిన్న చిన్న అచ్చ తెలుగు మాటలే. రెండక్షరాలు, మూడక్షరాలు, మహా అయితే నాలుగు. కైదువు, చదలు, బవరం, తొగ, ఎకిమీడు. వింటే మనవే అనిపిస్తాయి, అర్థం మాత్రం అందదు. ఆయుధం, ఆకాశం, యుద్ధం, కలువ, రాజు. అంత మామూలు వస్తువులకు ఉన్న పేర్లు ఇంతగా ఎలా జారిపోయాయో అని మొదటి రాత్రి పడుకున్నాక కూడా ఆలోచిస్తూనే ఉన్నా.

అన్నిటికన్నా బాగా కుదిరింది "పులుగు". నేను మాట చదవగానే మేనకోడలు గబగబా రాసేసింది, మడతపెట్టి దాచిన బట్టల్ని కొట్టేసే పురుగు అని. బావ "అన్నం మెత్తబడి పులిసిపోవడం" అన్నాడు. చిన్న మామయ్య, ఈసారి వరండాలోకి వెళ్లలేదు, పెన్సిల్ నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆలోచించి "నాగలి కర్రుకు అంటుకుని ఎండిన మట్టి" అని రాశాడు. ఎంత బాగుందో చూడండి, నాలుగు ఓట్లు దానికే పడ్డాయి. అసలు చీటీలో "పక్షి" అని ఒక్క మాటే ఉంది, మరీ అంత తేలికైన అర్థం ఎందుకుంటుందిలే అని ఒక్కరు కూడా దాన్ని నమ్మలేదు. వెన్నెలపులుగు అంటే చకోరం, వెన్నెల తాగి బతుకుతుందని కవులు చెప్పే పిట్ట అని నేను ఇంకో మాట కూడా వెతికి చదివాక గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మేనకోడలు ఆ మాట రెండుసార్లు పైకి అనుకుంది, వెన్నెలపులుగు, వెన్నెలపులుగు అని.

"అక్కజం" కూడా అలాగే అందరినీ బోల్తా కొట్టించింది. అగ్రజ, అనుజ లాంటిదే, జ అంటే పుట్టినది కాబట్టి అక్కకు పుట్టినది అని సంస్కృతం చదివినవాడు ధీమాగా రాశాడు, సగం మంది వాడి వెంటే వెళ్లారు. ఆశ్చర్యం అని తెలిశాక వాడి మొహంలో కనిపించింది సరిగ్గా అక్కజమే. గొజ్జంగి అంటే అందరూ వంటింటి వైపే పోయారు, గొజ్జు గుర్తొచ్చి. అది పువ్వు, గొజ్జంగినీరు అంటే పన్నీరు.

రెండో రాత్రికి పిల్లలు ఇంకా నేర్చేశారు. నిఘంటువు ఏ చెట్టు గురించి చెప్పాల్సి వచ్చినా "వృక్షవిశేషము" అంటుంది, పిట్ట అయితే "ఒకానొక పక్షి" అంటుంది. వాళ్లు కూడా అదే భాషలో రాయడం మొదలుపెట్టారు. ఏ మాట ఇచ్చినా మూడు చీటీలు "ఒకానొక" అనే వస్తున్నాయి, ఏది పుస్తకంలోదో ఏది పిల్లలదో నేను చదువుతూ కూడా తడబడుతున్నా. తెలుగు పరీక్షకు వ్యాసం రాయమంటే ఏడ్చే పిల్ల నూటపాతికేళ్ల పైబడిన పుస్తకం వాక్యాన్ని అనుకరించి పెద్దవాళ్లను నమ్మించిందంటే, ఆ ఒక్కదానికే నేను పెట్టిన డబ్బు వచ్చేసినట్టే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. ఎవరికీ తెలియని మాట అని మనం అనుకుంటాం, ఆ గదిలోనే ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది. "ఏరాలు" అని చదివా. చీటీలు తీసి చూస్తే ఒకదాంట్లో "భర్త అన్నదమ్ముల భార్య" అని ఉంది, నా చేతిలో ఉన్న అసలు అర్థం అదే. ఎవరో పుస్తకంలోకి తొంగి చూశారనుకున్నా. చిన్న వదినది ఆ చీటీ. ఆమెది వరంగల్, పెళ్లయి రెండేళ్లయింది, మా ఇంట్లో పదిమంది మధ్య ఎక్కువ మాట్లాడదు, తను ఏదన్నా అంటే ఏంటీ అని అందరూ తిరిగి అడుగుతారని. "మా దిక్కు యారాలు అంటరు" అని మెల్లగా చెప్పి, పక్కనే ఉన్న పెద్ద వదిన చెయ్యి పట్టుకుని "అక్కా, మనిద్దరం యారాళ్లమే" అంది. మేం తోడికోడలు అంటాం. నిఘంటువులో ఉన్న మాట ఆమె నోట్లో బతికే ఉంది, మాకే లేదు. ఆ రాత్రి మిగిలిన ఆట అంతా చిన్న వదినే చదివింది.

అమ్మమ్మ వంతు మూడో రాత్రి వచ్చింది. "గూడ" అన్నా. పిల్లలు గూడు, గూడెం అని ఏవో రాస్తున్నారు, అమ్మమ్మ చీటీ తీసుకోకుండానే "గూడ తెలియకపోవడమేంటే, మా నాన్న, పాలేరు కలిసి తెల్లారుజామున వేసేవాళ్లు" అంది. రూలు ప్రకారం పైకి చెప్పకూడదు, కానీ ఎవరూ ఆపలేదు. లేచి తువ్వాలు తీసుకుని రెండు కొసలు అక్క కొడుక్కి ఇచ్చింది, రెండు కొసలు తను పట్టుకుంది. బోదెకు, అంటే చిన్న పంటకాలువకు, అటొకరు ఇటొకరు నిలబడి, తాళ్లు కట్టిన బుట్టను కిందికి వదలడం, నీళ్లు నిండగానే వెనక్కి వాలుతూ లాగడం, ఆ ఊపులోనే ఎత్తున ఉన్న చేలోకి విసరడం. తువ్వాలు మధ్యలో బరువుగా ఊగుతున్నట్టే అనిపించింది. "ఇద్దరూ ఒకేసారి వాలాలిరా, నువ్వు ముందు లాగితే నీళ్లు నా మీద పడతాయి" అని వాణ్ణి సరిచేస్తూ ఇరవై సార్లైనా వేయించి ఉంటుంది. ఇంజిన్లు రాకముందు మా వైపు పల్లం నుంచి మెరకకు నీళ్లు ఎక్కింది ఇలాగే. ఆ తర్వాత మేం రూలు మార్చుకున్నాం. మాట ఎవరికైనా నిజంగా తెలిస్తే చెప్పేయొచ్చు, మూడు పాయింట్లు, కానీ ఎక్కడ విన్నారో కూడా చెప్పాలి.

ఒక గొడవ కూడా అయింది, మీకూ వస్తుంది కాబట్టి చెప్తున్నా. "అలుగు" ఇస్తే బావ చెరువు అలుగు అని రాశాడు, నా చీటీలో బాణం మొన అని ఉంది, ఒళ్లంతా పొలుసులుండి ముడుచుకుపోయే జంతువునూ అలుగు అంటారు, అలగడం ఎలాగూ ఉంది. బావది తప్పంటే ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. నాలుగైదు అర్థాలున్న మాటలు పక్కన పెట్టేయండి.

రెండో నిఘంటువు కూడా దగ్గరుంటే మంచిది. 1852 నాటి బ్రౌన్ తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువులో అర్థాలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, శబ్దరత్నాకరం ఒక కఠినమైన మాటకు ఇంకో కఠినమైన మాట అర్థంగా ఇచ్చినప్పుడు పిల్లలకు అదే గతి. ఆంధ్రభారతి సైట్లో చాలా నిఘంటువుల్లో ఒకేసారి వెతకొచ్చు, ఉచితం. కానీ ఆట మధ్యలో అది తెరిస్తే ఆటే ఉండదు, మేం ఫోన్లన్నీ కూరగాయల బుట్టలో వేసి ఫ్రిజ్ మీద పెట్టాం. పొలం మాటల మీద ఇష్టం ఉన్నవాళ్లు మాండలిక వృత్తిపదకోశం వెతకండి, వ్యవసాయ పదాల సంపుటం భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వచ్చింది. నేనింకా దాని కోసం విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో తిరుగుతూనే ఉన్నా.

ఊడిపోయిన నా ప్రతిని ఉగాదికి ముందు విజయవాడలో ఒక బైండర్ దగ్గర కుట్టించా. వెనక పది తెల్ల కాగితాలు కలిపి కుట్టమని అడిగా. అమ్మమ్మ ఫోన్లో చెప్తుంటే వాటి మీద రాస్తున్నా, మాట, అర్థం, ఎవరి నోట విన్నదీ. మొన్న "మునుం" చెప్పింది, నాట్లకు కూలీలు వరసగా నిలబడి ఒక్కొక్కరు పట్టుకునే పట్టె అట, వాళ్లమ్మ దగ్గర విన్నదట. ఇప్పటికి ఏడు మాటలయ్యాయి.