కింద చూసి కొన్న ఓపెన్ టాప్: సెకండ్ హ్యాండ్ మాజ్డా ఎమ్‌ఎక్స్-5తో నా అనుభవం

కారు వివరాలు ముందు చెప్తాను. మాజ్డా ఎమ్‌ఎక్స్-5, మూడో తరం, 2008 మోడల్. 2.0 లీటర్ పెట్రోల్ ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, చేత్తో మడిచే గుడ్డ టాప్. నేనుండేది ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో. మాస్టర్స్ పూర్తయి ఉద్యోగంలో చేరాక, ఇరవై నాలుగేళ్ల వయసులో, నాలుగు వేల పౌండ్లకు కాస్త తక్కువకి కొన్నాను. అప్పటి నుంచి ఆఫీసుకీ, సరుకులకీ, సెలవులకీ నాకున్నది ఇదొక్కటే. ఎండ కాసిన ఆదివారం మాత్రమే బయటికి తీసే వాళ్ల అనుభవానికీ నాదానికీ అందుకే చాలా తేడా ఉంటుంది.

ఎమ్‌ఎక్స్-5 చరిత్ర నెట్‌లో బోలెడు దొరుకుతుంది. 1989లో చికాగో ఆటో షోలో వచ్చింది, పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల (రెండు సీట్ల ఓపెన్ టాప్ కార్ల) మీద ఇష్టంతో జపాన్ వాళ్లు చేసింది, 2016లో పది లక్షలవ కారు తయారైంది. ఇన్ని తయారవడం వల్ల మనలాంటి వాళ్లకు దక్కే లాభం ఒకటుంది. పార్టులు చవక, బాగుచేయడం తెలిసిన మెకానిక్ ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. చిన్న జీతంతో స్పోర్ట్స్ కారు నడపాలంటే ఇంతకంటే పెద్ద అర్హత నాకు కనపడలేదు.

దీన్ని కొనేటప్పుడు చాలామంది మైళ్లు చూస్తారు, రంగు చూస్తారు, ఇంజిన్ శబ్దం వింటారు. నేను మొదట కింద చూడమంటాను. ఈ తరం ఇంజిన్ గట్టిది. టైమింగ్ బెల్టుకి బదులు చెయిన్ ఉంటుంది కాబట్టి ఇన్ని వేల మైళ్లకొకసారి మార్చాలన్న టెన్షన్ లేదు. ఒకవేళ ఇంజిన్ పోయినా సెకండ్ హ్యాండ్‌ది దొరుకుతుంది. బాడీ అలా కాదు. చాసిస్ పట్టీల్ని, అంటే అడుగున బాడీని మోసే ఉక్కు దూలాల్ని, లోపలి నుంచి తుప్పు తినేస్తే వెల్డింగ్ ఖర్చు కారు ధరను దాటిపోతుంది. ఇక్కడ చలికాలం వస్తే రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు చక్రాల వెనక, సిల్స్‌లో (తలుపుల కింది అంచుల్లో), సబ్‌ఫ్రేమ్ (చక్రాల భాగాల్ని మోసే చట్రం) మూలల్లో చేరి ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా తినేస్తుంది. రెండో తరం కార్లకి (1998 నుంచి 2005) ముందు చాసిస్ పట్టీలు, వెనక సిల్స్ పోవడం బాగా పేరుపడిన జబ్బు. మూడో తరం కాస్త నయం. అయినా వెనక చక్రాల పైన ఆర్చ్ అంచుల్లో బురద పేరుకుని పెయింట్ బుడగలు లేస్తాయి, వెనక సబ్‌ఫ్రేమ్ కూడా పొరలు పొరలుగా ఊడొస్తుంది.

ఇక్కడ మనకో గొప్ప సౌకర్యం ఉంది. కారు నంబరు కొడితే ప్రభుత్వ సైటులో దాని ఎంఓటీ (కారు రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే పరీక్ష) చరిత్ర మొత్తం ఉచితంగా కనిపిస్తుంది. ఏ ఏడాది ఫెయిలైంది, ఎందుకు ఫెయిలైంది, అప్పటికి ఎన్ని మైళ్లు తిరిగింది, అన్నీ ఉంటాయి. నేను పాస్, ఫెయిల్ కంటే 'అడ్వైజరీ' (ఫెయిల్ చేయరు గానీ కనిపెట్టి ఉండమనే హెచ్చరిక) అని రాసిన వరసల్ని శ్రద్ధగా చదివేదాన్ని. ఒక ఏడాది 'కొంచెం తుప్పు' అని ఉండి, మరుసటి ఏడాది ఆ మాటే మాయమైతే మధ్యలో ఏం జరిగిందో బిల్లు అడగాలి. వెల్డింగ్ చేశారా, నల్లరంగు పూశారా? ఎంఓటీ చేసేవాళ్లు కవర్లు విప్పి చూడరు, చూడాల్సిన పని వాళ్లకి లేదు కూడా. అందుకే పాసైన కాగితం ఉన్నా కారుని ర్యాంపు ఎక్కించి చూడటం తప్పనిసరి. ఒక గంట ర్యాంపు, ఒక మెకానిక్, ఒక టార్చి. దానికైన ఖర్చు నా మొత్తం ఖర్చుల్లో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే పనికొచ్చింది.

కొనేముందు చూసిన వాటిలో ఒకటి అద్దంలా మెరిసిపోతోంది, తిరిగిన మైళ్లు కూడా చాలా తక్కువ. కింద చూస్తే తాజాగా పూసిన నల్లటి అండర్‌సీల్ (అడుగుకి పూసే రక్షణ పూత, కింది తుప్పుని కప్పేయగలదు), ఇంకా వాసన కూడా పోలేదు. ఎందుకు పూశారో అమ్మే ఆయన దగ్గర సరైన జవాబు లేదు. వదిలేశాను. నేను కొన్నదాని బంపర్ మీద గీతలున్నాయి, ఎనభై వేల మైళ్లు దాటేసింది. కానీ దాని పాత యజమాని ఏటా చలికాలానికి ముందు తుప్పు పట్టకుండా కింద వ్యాక్స్ కొట్టించిన బిల్లులన్నీ ఫైల్లో పెట్టి ఇచ్చారు. ఆ ఫైలు చూసే బేరం ఎక్కువ ఆడలేదు. ఇప్పటికీ ఆ కారు అడుగు శుభ్రంగా ఉంది. అదే పని నేనూ ఏటా చేయిస్తున్నాను.

నీళ్ల విషయంలో ఇంకో సంగతి. టాప్ మీద పడిన వాన సీట్ల వెనక రెండు వైపులా ఉన్న డ్రెయిన్ గొట్టాల్లోంచి కిందికి, వెనక చక్రాలకు ముందు భాగంలో బయటికి పోతుంది. ఆకులు, మట్టి చేరి గొట్టం మూసుకుపోతే ఆ నీళ్లు కారు లోపలికే వస్తాయి. సీటు వెనక కార్పెట్ తడుస్తుంది, కిటికీలు లోపల ఆవిరి పడతాయి, వాసన మొదలవుతుంది, ఆ తర్వాత తుప్పు. కొనేటప్పుడు సీటు ముందుకి జరిపి వెనక కార్పెట్ మీద చెయ్యి గట్టిగా అదిమి చూడండి. సొంతమయ్యాక ఆకులు రాలే కాలంలో ఒకసారి, అది ముగిశాక ఒకసారి మెత్తటి ప్లాస్టిక్ తీగతో శుభ్రం చేయండి. ఇనుప తీగ పెడితే గొట్టం చిల్లు పడుతుంది. ఈ ఒక్క పని తెలిస్తే సగం కార్లు బతుకుతాయని నా గట్టి నమ్మకం.

టాప్ గుడ్డ కూడా మడతలు పడే చోట రాసుకుని అరుగుతుంది. చిరిగితే బిగింపుతో కలిపి వెయ్యి పౌండ్ల దాకా అడుగుతారు. దాన్ని ధరలోంచి తగ్గించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక ఇన్సూరెన్స్. ఇరవై అయిదు లోపు వాళ్లకి అసలు పరీక్ష ఇదే. కారు చూడ్డానికి వెళ్లకముందే దాని నంబరుతో కోట్ (ప్రీమియం ఎంతవుతుందో కంపెనీ చెప్పే లెక్క) తీసుకోవాలి. నా మొదటి ఏడాది ప్రీమియం కారు ధరలో మూడో వంతు దాటింది. మనవాళ్లు ఇక్కడికి వచ్చిన మొదటి 12 నెలలు ఇండియా లైసెన్స్‌తో నడపొచ్చు గానీ దాన్ని ఇక్కడి లైసెన్స్‌గా మార్చుకునే వీల్లేదు. థియరీ, ప్రాక్టికల్ రెండూ రాయాల్సిందే. మన దగ్గర ఎన్నేళ్లు నడిపినా ఇక్కడి కంపెనీల్లో చాలా వరకు దాన్ని లెక్కలోకి తీసుకోవు. యూకే లైసెన్స్ వచ్చాక తీసిన కోట్ నాకు చాలా తగ్గింది. ఆటోమేటిక్ కారులో టెస్ట్ పాసైతే మాన్యువల్ నడపకూడదు, ఎమ్‌ఎక్స్-5లేమో ఎక్కువగా మాన్యువల్‌వే. కాబట్టి ఈ కారు మీద మనసుంటే మాన్యువల్‌లోనే పాసవండి.

మొదటి ఏడాది ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ల బ్లాక్ బాక్స్ కారులో పెట్టించుకున్నాను. వేగం, బ్రేకులు, ఏ వేళ నడిపామన్నది అన్నీ రాసుకుంటుంది. నాకు అది ఇబ్బందిగా లేదు, రెన్యువల్‌లో తగ్గింపు స్పష్టంగా కనిపించింది. అనుభవమున్న అక్కనో బావనో అదనపు డ్రైవర్‌గా చేర్చడం సరైన పద్ధతే. నడిపేది మనమై ఉండి మెయిన్ డ్రైవర్‌గా వాళ్ల పేరు రాయడం మాత్రం మోసం కిందికి వస్తుంది, పాలసీ చెల్లదు. ఇంకొకటి: పాత యజమాని సైలెన్సర్ మార్చినా, స్ప్రింగులు మార్చి కారు ఎత్తు తగ్గించినా, చక్రాలు మార్చినా కంపెనీకి చెప్పాలి. స్పోర్ట్స్ కార్లలో ఇలాంటి మార్పులు చాలా మామూలు, అందుకే నేను కంపెనీ ఫిట్టింగ్‌తోనే ఉన్న కారు వెతికాను. టెస్ట్ పాసైన మొదటి రెండేళ్లలో ట్రాఫిక్ తప్పులకి ఆరు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్స్ రద్దు. ఇది గుర్తుండాలి.

నడపడం గురించి రాయాలంటే పేజీలు చాలవు. 160 హెచ్‌పీ అంటే ఈ రోజుల్లో పెద్దదేం కాదు, ఎలక్ట్రిక్ కార్లు సిగ్నల్ దగ్గర తేలిగ్గా దాటేస్తాయి. కానీ కారు బరువు దాదాపు 1,100 కిలోలే. ఇంజిన్ ముందు ఇరుసుకి వెనక్కి జరిపి పెట్టారు కాబట్టి బరువు ముందూ వెనకా ఇంచుమించు సమానంగా పడుతుంది. గేర్‌బాక్స్‌నీ వెనక డిఫరెన్షియల్‌నీ ఒక అల్యూమినియం ఫ్రేమ్ కలుపుతుంది. దాని వల్ల పెడల్ నొక్కగానే సాగదీత లేకుండా వెనక చక్రాలు స్పందిస్తాయి. గేర్ లీవర్ మణికట్టు కదిపితే చాలు. షెఫీల్డ్ నుంచి మాంచెస్టర్ వైపు వెళ్లే ఏ57 రోడ్డులో స్నేక్ పాస్ అని కొండదారి ఉంది. లేడీబవర్ రిజర్వాయర్ దాటాక మలుపులు మొదలవుతాయి. అక్కడ టాప్ దించి గంటకు 40 మైళ్లలో వెళ్తుంటేనే మనసు నిండిపోతుంది. నీళ్ల వాసన, గడ్డి వాసన, గొర్రెల అరుపులు, ఇంజిన్ పాట అన్నీ ఒకేసారి అందుతాయి. కుర్రవయసులో ఉన్నవాళ్లకి ఈ కారే కొనమని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. ఆనందం కోసం వేగపరిమితి దాటాల్సిన అవసరం రాదు. మూడు వందల హెచ్‌పీ కారులో ఈ తృప్తి రావాలంటే జైలుకి పంపేంత వేగంలో నడపాలి.

తడి రోడ్డు మీద జాగ్రత్త. నడిచేది వెనక చక్రాలతో. రౌండ్‌అబౌట్‌లో రెండో గేరులో తొందరపడి పెడల్ నొక్కితే వెనక భాగం పక్కకి జారబోతుంది. నా కారులో డీఎస్‌సీ (కారు జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉంది, పట్టుకుంటుంది. కొన్ని చవక రకాల్లో అది ఉండదు, చూసుకోండి. నేను కొన్నప్పుడు నాలుగు టైర్లు నాలుగు రకాలు. మొదటి జీతంలోనే ఒకే రకం మంచి టైర్లు నాలుగూ వేయించి, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. కారు వేరే కారైపోయింది. అలైన్‌మెంట్ బోల్టులు తుప్పుకి బిగుసుకుపోతాయి, అవి తిరుగుతాయా అని ర్యాంపు మీద ఉన్నప్పుడే అడగండి.

రోజువారీ బతుకులో ఇబ్బందులు లేవని కాదు. డిక్కీ 150 లీటర్లు. వారం సరుకులు, ఒక బియ్యం బస్తా పడతాయి. మన విమానం సూట్‌కేస్, ఆ 23 కిలోలది, డిక్కీలో పట్టదు. పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాలి. కాబట్టి మాంచెస్టర్ ఎయిర్‌పోర్టుకి ఎవరినైనా తీసుకురావడానికి వెళ్లడం కుదరదు, ఆ పని స్నేహితులు చేసుకుంటారు. గుంటూరు నుంచి అమ్మ వచ్చినప్పుడు కారెక్కి "ఏంటే ఇది, పీట మీద కూర్చున్నట్టుంది, పైన గుడ్డేనా?" అంది. మోకాళ్ల నొప్పుల వాళ్లకి ఎక్కడం దిగడం నిజంగా కష్టం. ఆ నెల అంతా బస్సుల్లోనే తిరిగాం. కానీ చాట్స్‌వర్త్ అనే పాత జమీందారీ భవనం దగ్గర టాప్ దించి తిప్పిన సాయంత్రం గురించి ఇంటికి వెళ్లాక కూడా ఫోన్లో చెప్తూనే ఉంది.

మోటార్‌వే మీద 70 మైళ్లలో టాప్ వేసి ఉన్నా చప్పుడు ఎక్కువ, ఫోన్ మాట్లాడటం దండగ. స్టెప్నీ లేదు, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తారు. టైరు పక్కభాగం చీలితే టోయింగ్ తప్పదు, అందుకని బ్రేక్‌డౌన్ కవర్ తీసుకున్నాను. మైలేజీ లీటరుకి 12 కిలోమీటర్ల దగ్గర. వెనక బ్రేక్ క్యాలిపర్ ఒకటి బిగుసుకుపోయి మార్చాల్సి వచ్చింది, ఈ మోడల్‌లో ఇది మామూలే. పెట్రోల్ కొట్టించినప్పుడు అప్పుడప్పుడు ఇంజిన్ ఆయిల్ చూసుకుంటాను. చలిలో మొదటి కొన్ని నిమిషాలు రెండో గేరు కాస్త మొరాయిస్తుంది, వేడెక్కాక సర్దుకుంటుంది.

ఏది కొనాలని అడిగితే: డబ్బు మరీ తక్కువైతే 1.8 లీటర్ ఇంజిన్‌ది, ఇన్సూరెన్స్ ఒప్పుకుంటే 2.0. కుదిరితే 2009 తర్వాతిది చూడండి, 2.0 మాన్యువల్ ఇంజిన్‌ని ఆ ఏడాది మెరుగుపరిచారు, 7,500 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. కారు వీధిలో రాత్రిళ్లు పార్క్ చేసేవాళ్లకి కరెంటుతో మడతపడే హార్డ్‌టాప్ మోడల్ మంచిది. దాదాపు 12 సెకన్లలో తెరుచుకుంటుంది, డిక్కీ జాగా తగ్గదు, కత్తితో కోస్తారన్న భయం ఉండదు. నాకు మాత్రం గుడ్డ టాపే ఇష్టం. సిగ్నల్ దగ్గర ఆగి, సీట్లోంచి లేవకుండా ఒక్క లాచ్ లాగి ఒక్క చేత్తో వెనక్కి తోసేయొచ్చు. మీరు చూసే కారు ఏదైనా, ర్యాంపు ఎక్కించడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బేరం అక్కడితో వదిలేయండి, ఇంకో ఎమ్‌ఎక్స్-5 వచ్చే వారం అమ్మకానికి వస్తుంది.