వెల్డింగ్ టేబుల్ కొంటున్నారా? ముందు బెజ్జం సైజు చూడండి

విజయవాడ పక్కన కానూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది. అందులో నేను వాడుతున్న వెల్డింగ్ టేబుల్ గురించి ఇది. పొడవు మీటరు, వెడల్పు 600 మి.మీ., పైన 10 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు, ప్రతి 50 మి.మీ.కి ఒక 16 మి.మీ. బెజ్జం. పైపు ముక్కల్ని కదలకుండా నిలిపే పిన్నులు, క్లాంపులు ఈ బెజ్జాల్లోకే దిగుతాయి. కింద 100 మి.మీ. ఎత్తు పట్టీలు అడ్డంగా, నిలువుగా గాడుల్లో కూర్చుంటాయి. లేజర్ కటింగ్ చేసే ఒక యూనిట్ వాళ్లు విడి ముక్కలుగా పంపుతారు, అతుక్కోవడం మన పని. కాళ్లు కాకుండా, జీఎస్టీతో కలిపి పాతికవేల లోపే అయింది. నాకు నచ్చింది. అయితే అమ్మినవాళ్లు గొప్పగా చెప్పిన కారణాలకు మాత్రం కాదు.

నావి చిన్న పనులు. 25 బై 25 స్క్వేర్ పైపుతో కుండీల స్టాండ్లు, స్టూళ్లు, చుట్టాలెవరైనా అడిగితే ఇన్వర్టర్ బ్యాటరీకి ఒక స్టాండు. సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ మెషిన్, 2.5 మి.మీ. వెల్డింగ్ రాడ్డు. టేబుల్ కొంటున్నానని చెప్పగానే అందరూ మందం గురించే మాట్లాడారు. 12 వేయించు, 16 వేయించు, ఆటోనగర్ స్క్రాప్‌లో 20 దొరుకుతుంది అన్నారు. దొరుకుతుంది, కాదనను. కానీ అది ఎక్కడో గ్యాస్‌తో కోసిన ముక్క, అంచులు లేచి ఉంటాయి. దాన్ని మెషినింగ్ చేయించి చదును చేసేసరికి ప్లేటు డబ్బు కంటే కూలి ఎక్కువవుతుంది. బరువు సంగతీ ఉంది. 12 మి.మీ. ప్లేటు చదరపు మీటరుకి 94 కిలోలు. కింద పట్టీలు సరిగ్గా ఉంటే ఇంటి పనికి 10 మి.మీ. ప్లేటు చాలు.

అసలు చూడాల్సింది బెజ్జం. దాని సైజును బట్టే రేపు మీరు కొనే ప్రతి పిన్ను, ప్రతి క్లాంపు, ప్రతి స్టాపర్ ఉంటుంది. ప్లేటు మందం కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, బెజ్జం సైజు మాత్రం ఒకసారి ఎంచుకుంటే అంతే. జర్మనీ కంపెనీ సీగ్‌ముండ్ 28, 22, 16 మి.మీ. అని మూడు వరసల్లో టేబుళ్లు చేస్తుంది. వేరే తయారీదారులు కూడా ఎక్కువగా 28, 16లనే పట్టుకున్నారు. 28 చూడ్డానికి బలంగా ఉంటుంది, ఫ్యాక్టరీలకి అదే సరైనది. మన 25 మి.మీ. పైపు కన్నా ఆ బెజ్జమే పెద్దది. చిన్న ముక్క పెడితే అందులోకి జారిపోతుంది. పిన్నుల ధర కూడా ఎక్కువ. ఇక యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల ముప్పావు అంగుళం బెజ్జాల టేబుళ్లు చూసి అదే సైజు కోయించుకుంటే, ఇక్కడ సామాన్లు వెతుక్కోవడమే ఒక పనవుతుంది. 16 అయితే ఆ టెన్షన్ లేదు. ఇనుప సామాన్ల షాపులో 16 మి.మీ. బ్రైట్ బార్ (సరైన కొలతకి నున్నగా తీసిన గుండ్రటి కడ్డీ) ఎప్పుడూ ఉంటుంది.

ఆ బ్రైట్ బారే నన్ను ఒడ్డున పడేసింది. టేబుల్‌తో పాటు ఇచ్చిన పిన్నులు వెర్నియర్ పెడితే 15.8 ఉన్నాయి. బెజ్జంలో గలగలమని ఆడుతున్నాయి. ఎం16 బోల్టు వేసినా ఇంతే, దాని ఒళ్లు 16 కన్నా సన్నగా ఉంటుంది. మార్చి పంపమని అడుగుదామంటే, డబ్బు కట్టేదాకా గంటకోసారి మెసేజ్ పెట్టినవాళ్లు ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. చివరికి బార్ కొని, ఆటోనగర్‌లో లేత్ మీద ముక్కలు కోయించి, మొనలు కొంచెం వాలుగా తీయించాను. వేలితో నొక్కితే దిగుతాయి, దిగాక కదలవు. కొన్ని బెజ్జాల్లో లేజర్ కోత మొదలైన చోట మొటిమంత బుడిపె మిగిలిపోయింది. దాన్ని గుండ్రటి ఆకురాయితో తీసేయాల్సి వచ్చింది. ఈ ధరకి ఇది క్షమించొచ్చు. పిన్నులు మాత్రం క్షమించను.

గళ్లు, అంటే బెజ్జాల మధ్య దూరాలు, మాత్రం బాగా కోశారు. పరీక్షించడం తేలిక. ఒక మూల నుంచి ఇటు 6 గళ్లు, అటు 8 గళ్లు లెక్కపెట్టి పిన్నులు దించండి. అంటే 300, 400 మి.మీ. ఐమూల కొలిస్తే 500 రావాలి. నాకు వచ్చింది. తాపీ మేస్త్రీలు పునాది దగ్గర దారంతో చూసే లెక్కే ఇది. చదును కోసం ఐమూలగా స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చాను. నడి మధ్యలో 0.4 మి.మీ. రేకు దూరింది, 0.5 దూరలేదు. అర మిల్లీమీటరు లోపు అని వాళ్లిచ్చిన మాట ఇక్కడ నిలబడింది. అతికేటప్పుడు పట్టీలకి పొడుగునా వెల్డింగ్ లాగేయకుండా, మధ్య నుంచి బయటికి, అంగుళం అంగుళం వదిలి వేస్తేనే ఈ చదును మిగులుతుంది. ప్లేటు మీద నల్ల పొర వస్తుంది, అది గ్రైండర్‌కి పెట్టే ఫ్లాప్ డిస్క్‌తో తీసేదాకా ఎర్త్ సరిగ్గా అందదు. తీశాక తుప్పు కాపలా మన బాధ్యత. వానాకాలంలో రెండు రోజులు వదిలేస్తే ఎర్రబడిపోతుంది.

'దీని మీద చేస్తే వంకర రాదు' అని అమ్మేవాళ్లు చెప్తారు. నమ్మకండి. వెల్డు చల్లారుతూ ముడుచుకుంటుంది, ఏ టేబులూ దాన్ని ఆపలేదు. నాలుగు మూలలా ట్యాకింగ్ (చుక్కల్లా చిన్న వెల్డింగ్) చేసి, బిగించి, చల్లారేదాకా ఆగితే వంకర తగ్గుతుంది. క్లాంపు విప్పగానే కొంచెం లేస్తుంది కూడా. టేబుల్ నిజంగా పనికొచ్చేది ఒకేరకం వస్తువులు చేసేటప్పుడు. మొదటి స్టూలు ఫ్రేముకి చుట్టూ పిన్నులు పాతుకుంటే, రెండోదానికి టేపు, మూలమట్టం ముట్టుకునే పని లేదు. పైపు ముక్కలు పెట్టడం, ట్యాక్ వేయడం, అంతే. మా వీధి చివర గ్రిల్స్ చేసే బాబాయి వచ్చి చూసి, "నేల మీద చేసుకునే పనికి ఇంత సోకెందుకు అబ్బాయ్?" అన్నాడు. ఆయన రెండు పైపులు నేల మీద వేసి చేసిన గేటు నా స్టాండ్ల కన్నా నిటారుగా ఉంటుంది. కాబట్టి ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒక్కో గేటు ఒక్కో కొలతలో చేసే ఆయనకి ఈ టేబుల్ అక్కర్లేదు కూడా.

ఇదే కొనాలనుకుంటే కొనండి, పిన్నులు వద్దని చెప్పి ఆ డబ్బు తగ్గించమనండి. మిగిలిన బడ్జెట్‌తో ఎఫ్ క్లాంపులు (ఎఫ్ అక్షరం ఆకారంలో ఉండే బిగింపులు) కొని, వాటి కింది దవడ కోసేసి, ఆ చోట 16 మి.మీ. బార్ ముక్క అతికించుకోండి. రెడీమేడ్ వాటికి పెట్టే డబ్బులో ఇవి చాలా వస్తాయి. లారీ ట్రాన్స్‌పోర్ట్ వాడు గోడౌన్ దాకానే తెస్తాడు. పట్టీలతో కలిపి 65 కిలోల పైమాటే, ట్రాలీ ఆటో, ఇంకో మనిషి తోడు ఉండాల్సిందే.