30 వేలలో రోడ్ సైకిల్: కొత్తదా, సెకండ్ హ్యాండ్‌దా?

మా మేనల్లుడు కానూరులో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తెల్లారకముందే ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపు వెళ్లే సైకిళ్ల గుంపును రోజూ చూసి వాడికీ మనసైంది. దాచుకున్నదీ, వాళ్ల నాన్న ఇచ్చిందీ కలిపితే 30 వేలు. "మామయ్యా, రెండు చూసి పెట్టాను. ఏది తీసుకోమంటావ్?" అని ఫోన్ చేశాడు. ఒకటి షోరూమ్‌లో కొత్తది, 27 వేలు. ఇంకొకటి గుంటూరులో ఒకాయన బదిలీ మీద వెళ్తూ అమ్ముతున్నది, నాలుగేళ్లు వాడింది, 20 వేలు.

మన ఊళ్లో బైక్ అంటే మోటారు బండే కాబట్టి, వంపు హ్యాండిలూ సన్న టైర్లూ ఉండే దీన్ని రోడ్ సైకిల్ అనే రాస్తాను.

కాగితం మీద చూస్తే పాతదే మేలు. కొత్తదానికి షిమానో కంపెనీ టూర్నీ రకం గేర్లు, వెనక ఏడు పళ్ల చక్రాలు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఇనుపది, బరువు 11 కిలోల పైనే. పాతదానికి అదే కంపెనీ సోరా, వెనక తొమ్మిది, ముందు కార్బన్ ఫోర్కు, బరువు పదికి లోపు. టూర్నీలో గేరు మార్చే మీటల్లో ఒకటి బొటనవేలితో నొక్కేది. హ్యాండిల్ కింది వంపు పట్టుకుని వేగంగా వెళ్తున్నప్పుడు అది అందదు. సోరాలో ఆ ఇబ్బంది లేదు.

అయినా నేను వాణ్ని మొదట అడిగింది గేర్ల గురించి కాదు, సైజు గురించి. ఎందుకో చెప్తాను. ఎనిమిదేళ్ల కిందట నేను కొన్న మొదటి రోడ్ సైకిల్ సెకండ్ హ్యాండ్‌దే. ధర బాగుందని 58 సైజు తీసుకున్నాను. నాకు సరిపోయేది 54. సీటు ఎంత దించినా, హ్యాండిల్‌ను ఫ్రేముకు కలిపే స్టెమ్ ఎంత పొట్టిది వేసినా హ్యాండిల్ దూరమే. మంగళగిరి వెళ్లి వచ్చేసరికి మెడా, అరచేతులూ తిమ్మిరెక్కేవి. ఆరు నెలలు ఓర్చుకుని నష్టానికి అమ్మేశాను. గేర్లు మార్చుకోవచ్చు, చక్రాలు మార్చుకోవచ్చు. ఫ్రేము సైజు మాత్రం మారదు.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని సీటులా పైకి గట్టిగా నొక్కి పట్టి, దాని పై అంచు నుంచి నేలదాకా కొలవాలి. వచ్చిన సెంటీమీటర్లను 0.67తో గుణిస్తే ఫ్రేము సైజు దాదాపుగా తెలుస్తుంది. మా వాడికి 80 వచ్చింది, అంటే 54 దగ్గర. షోరూమ్‌లో కావలసిన సైజు తెప్పిస్తారు. సెకండ్ హ్యాండ్‌లో దొరికిందే సైజు. బెజవాడ, గుంటూరు కలిపినా అమ్మకానికి వచ్చే రోడ్ సైకిళ్లు తక్కువ. అదృష్టవశాత్తూ గుంటూరుది 54.

ఇక పాతదాని అసలు ధర. అమ్మే ఆయన చెప్పేది ఒక ధర, దాన్ని తొక్కే స్థితికి తెచ్చేసరికి అయ్యేది ఇంకో ధర. పోల్చవలసింది ఆ రెండోదాన్ని. అందుకే గుంటూరు వెళ్లేటప్పుడు జేబులో స్టీలు స్కేలు పెట్టుకున్నాను. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చాలి. ఎనిమిదో వంతు ఎక్కువొస్తే వెనక పళ్ల చక్రాలు కూడా అరిగిపోయినట్టే, కొత్త చైను వేసినా జారుతుంది. ఈ సైకిల్‌కి ఎనిమిదో వంతు పైనే వచ్చింది. టైర్ల పక్కలు ఎండకు పగిలాయి. మన ఎండల్లో బాల్కనీలో రెండు వేసవులు నిలబెడితే రబ్బరు అలాగే అవుతుంది.

మిగతావి చేత్తోనే తెలుస్తాయి. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో ఎక్కడా పట్టుకోకూడదు. పెడళ్లు బిగించి ఉండే కడ్డీలు పట్టుకుని అటూ ఇటూ ఊపితే ఆడకూడదు. సీటు గొట్టం కదిలించి చూడాలి; చెమట దిగి తుప్పు పట్టి ఫ్రేములో బిగుసుకుపోయి ఉంటే దాన్ని తీయడం నరకం. ప్రతి గేరూ పైకీ కిందికీ వేసి చూడాలి, ఎందుకంటే బ్రేకూ గేరూ కలిసున్న ఆ మీట పాడైతే దాని ఖర్చే బేరాన్ని మింగేస్తుంది. వయసు సంగతి అడగక్కర్లేదు. గేరు కేబుళ్లు మీటల పక్క నుంచి మీసాల్లా బయటికొస్తే సోరా 2016కి ముందు తరానిది. టేపు కింద దాగి ఉంటే ఆ తర్వాతది.

బెజవాడలో కొనేవాళ్లు తప్పకుండా అడగవలసింది ఇంకొకటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. ఆ నీళ్లలో మునిగిన సైకిల్ కడిగి తుడిస్తే బయటికి కొత్తదానిలాగే కనిపిస్తుంది. బురద ఉండేది చక్రాల మధ్యనుండే హబ్బుల్లో, పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసులో, హ్యాండిల్ బేరింగుల్లో. చక్రం గాల్లో తిప్పి ఇరుసు దగ్గర చెవి పెట్టండి. గరగరమంటే బేరింగులన్నీ విప్పించే ఖర్చు లెక్కలో వేసుకోండి. అన్నీ కోల్పోయినవాళ్లు ఉన్నది అమ్ముకోవడంలో తప్పు లేదు. మునిగిందని చెప్పి అమ్మితే, దానికి తగ్గ ధరకు కొనొచ్చు కూడా.

కొన్ని విషయాల్లో మాత్రం కొత్తవే మేలని వాడికి ఒప్పుకున్నాను. పాత రోడ్ సైకిళ్లలో చాలావాటికి 25 మిల్లీమీటర్ల కంటే వెడల్పు టైరు పట్టదు. కరకట్ట రోడ్డు అంచుల్లో, బ్యారేజీ మీది అతుకుల దగ్గర 28 ఉంటే ఒంటికి తెలిసే తేడా ఉంటుంది. దీనికి 28 పడుతుందో లేదో బ్రేకు కింద వేలు పెట్టి చూశాను, పట్టింది. పట్టకపోతే వద్దనేవాణ్ని. ఏడు గేర్ల చైను చాలా సైకిల్ షాపుల్లో దొరకడం, మొదటి సర్వీసు షోరూమ్ వాళ్లే చేయడం కూడా కొత్తదానికి కలిసొచ్చేవే. ఫ్రేము వారంటీ సాధారణంగా మొదట కొన్నవాళ్లకే, చేతులు మారితే పోతుంది.

బేరం మొదలవగానే ఆయన "నేను 45 పెట్టి కొన్నాను" అన్నారు. అది నాలుగేళ్ల కిందటి ధర. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది కాబట్టి, ఇవాళ కొత్తది ఎంతకు వస్తుందో చూసి మాట్లాడుకుందాం అన్నాను. అక్కడే కూర్చుని రిపేరు లెక్క రాశాం: చైను 1,200, వెనక పళ్ల సెట్టు 1,700, టైర్లూ ట్యూబులూ 3,400, కేబుళ్లూ బ్రేకు దిమ్మలూ 1,000, కూలి 700. మొత్తం 8 వేలు. 20కి కొంటే 28 వేలవుతుంది, కొత్తదాని కంటే ఎక్కువ. కాగితం ఆయన చేతికే ఇచ్చాం. మంచి మనిషి, ఒక్కొక్కటీ తనే చూసుకుని 15,500కి ఒప్పుకున్నారు. అంటే మాకు 23,500. మిగిలిన ఆరున్నర వేలలో హెల్మెట్, లైట్లు, తాళం, పంపు వస్తాయి. కొత్తది కొంటే మూడు వేలే మిగిలేవి, హెల్మెట్ కొన్నాక లైట్లకు చాలేవి కాదు. పంపు కొననక్కర్లేదు అనుకోవద్దు. ఈ టైర్ల సన్న వాల్వుకు వీధి చివర పంక్చరు షాపు పంపు పట్టదు, కనీసం చిన్న అడాప్టర్ అయినా ఉండాలి.

అందుకని పాతదే తీసుకున్నాం. పక్కన చూసిపెట్టే మనిషి లేకపోయినా, సైజు ఒక్క నంబరు అటూ ఇటూ అయినా, కొత్తదే కొనుక్కోమని చెప్పేవాణ్ని. రిపేరుతో కలిపి పాతదాని ఖర్చు కొత్తదానికి రెండు మూడు వేల దూరంలోకి వచ్చినా అదే మాట. మొదటి సైకిల్ నెలలో పది రోజులు మెకానిక్ దగ్గరుంటే పిల్లల సరదా చచ్చిపోతుంది.

సైకిల్‌కి ఆర్‌సీ లాంటిదేమీ ఉండదు. అందుకే డబ్బు ఇచ్చే ముందు దాన్ని తిరగేసి, పెడల్ ఇరుసు కింద చెక్కిన ఫ్రేము నంబరును ఆయన పాత బిల్లుతో సరిచూశాం, అమ్మినట్టు తెల్లకాగితం మీద సంతకం తీసుకున్నాం. మా వాడు అక్కడి నుంచే విజయవాడకు తొక్కుకుంటూ వస్తానన్నాడు. ఆ టైర్లతో హైవే మీద వద్దన్నాను. చక్రాలు రెండూ ఊడదీసి, దుప్పటి చుట్టి, కారు వెనక సీట్లో తెచ్చాం.